తాబేలెక్కిన బ్యాంకు వారసుడు

ఒక పాత ఫొటో ఉంది. తల మీద టాప్ హ్యాట్, ఒంటి మీద కోటు, గడ్డం ఉన్న ఒక భారీ మనిషి పెద్ద తాబేలు మీద గుర్రమెక్కినట్టు కూచుని ఉంటాడు. చేతిలోని కర్రను తాబేలు తల ముందుకు చాపి ఉంటాడు. ముఖంలో మాత్రం నవ్వు లేదు. చాలా ముఖ్యమైన పని మీద ఉన్నవాడిలాగే ఉంటాడు.

ఆయన పేరు లయొనెల్ వాల్టర్ రోత్‌చైల్డ్. 1868 ఫిబ్రవరి 8న లండన్‌లో పుట్టాడు. అప్పటికి యూరప్‌లో ఆ ఇంటిపేరు విననివాళ్లు తక్కువ. రాజులకు అప్పులిచ్చిన ఇల్లు, ప్రభుత్వాల బాండ్లు అమ్మిపెట్టిన ఇల్లు. లండన్ శాఖకు పెద్ద అయిన నాథన్ మేయర్‌కు, అందరూ 'నాటీ' అని పిలిచే ఆయనకు, వాల్టర్ పెద్దకొడుకు. అంటే పుట్టుకతోనే బ్యాంకు పెత్తనం రాసిపెట్టి ఉన్నవాడు. అయినా ఆ పెత్తనం అతనికి రాలేదు. పందొమ్మిదేళ్లు బ్యాంకుకు వెళ్లివచ్చాక, నలభై ఏళ్ల వయసులో, తండ్రే అతన్ని బయటికి పంపేశాడు.

మన ఫ్యామిలీ గ్రూపుల్లో అప్పుడప్పుడూ ఒక ఫార్వర్డ్ తిరుగుతుంటుంది. ప్రపంచంలో సగం డబ్బు ఈ ఒక్క కుటుంబం చేతిలోనే ఉందని, యుద్ధాలు వీళ్లే చేయిస్తారని, ఒకడి తర్వాత ఒకడు గుట్టుగా లోకాన్ని ఏలుతున్నారని. వాటర్లూ యుద్ధం ఫలితం ముందే తెలుసుకుని ఒక్క రోజులో కోట్లు గడించారన్న కథ కూడా అందులో భాగమే. ఆ కథ 1846లో పారిస్‌లో అచ్చయిన ఒక తిట్ల కరపత్రంతో ఊరంతా పాకింది, తర్వాత నాజీలు దాన్ని సినిమాగా తీశారు. నిజానికి 1815లో లండన్ శాఖ చూసుకుంటున్న నాథన్, అంటే నాటీ తాత, యుద్ధం ఇంకా చాలాకాలం నడుస్తుందని బంగారం కొని పెట్టుకున్నాడు. యుద్ధం త్వరగా ముగియడం అతనికి లాభం కాదు, తలనొప్పి. ఆ ఫార్వర్డ్ గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు. అది నమ్మేవాళ్లు ఒక్కసారి వాల్టర్ జీవితం చూడాలి. లోకాన్ని ఏలే సంగతి అలా ఉంచితే, ఆ ఇంట్లో పెద్దకొడుకు తన సొంత ఉత్తరాలు విప్పి చదువుకోవడానికే భయపడ్డాడు.

మరి అంత డబ్బున్న ఇంట్లో పెద్దకొడుకును ఎందుకు పక్కన పెట్టాల్సి వచ్చింది? దీనికి జవాబు వాల్టర్ స్వభావంలో సగమే ఉంది. మిగతా సగం, అతను పుట్టడానికి యాభై ఆరేళ్ల ముందు రాసిన ఒక వీలునామాలో ఉంది.

తాత ముత్తాత రాసిన కాగితం

మేయర్ ఆంషెల్ రోత్‌చైల్డ్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో యూదులను కట్టడి చేసి ఉంచిన ఇరుకు వీధిలో పుట్టాడు. పాత నాణేల వ్యాపారంతో మొదలుపెట్టి, హెస్సె-కాసెల్ ప్రభువుకు డబ్బు వ్యవహారాలు చూసే స్థాయికి వచ్చాడు. ఐదుగురు కొడుకులు. ఆంషెల్ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఉన్నాడు, సాలమన్ వియన్నా, నాథన్ లండన్, కార్ల్ నేపుల్స్, జేమ్స్ పారిస్ చూసుకున్నారు. ఐదు ఊళ్లలో ఐదు ఇళ్లు, కానీ పెట్టుబడి ఉమ్మడి. లాభం వస్తే అందరికీ, నష్టం వచ్చినా అందరికీ. ఒకరికొకరు రాసుకునే ఉత్తరాలు జర్మన్ మాటల్ని హీబ్రూ లిపిలో పెట్టి రాసేవారు, దారిలో ఎవరు విప్పినా అర్థం కాకుండా.

1812లో చనిపోయే ముందు మేయర్ ఆంషెల్ వీలునామా రాయించాడు. వ్యాపారం కొడుకులకే. కూతుళ్లకు, అల్లుళ్లకు, వాళ్ల పిల్లలకు అందులో వాటా లేదు. వాటా సంగతి తర్వాత, బ్యాంకు ఖాతా పుస్తకాలు తెరిచి చూసే హక్కు కూడా లేదు. కూతుళ్లకు వేరే ఆస్తి ఇచ్చాడు, బ్యాంకు గడప మాత్రం తొక్కనివ్వలేదు.

కూతుళ్లకు కట్నం కింద బ్యాంకు వాటా పోకూడదు, కోడళ్ల వైపు నుంచి బయటివాళ్లు రాకూడదు. దీనికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం మనకు కొత్త కాదు. ఇంటి పిల్లను ఇంట్లోకే చేసుకోవడం. అయితే వరసలు మాత్రం మన లెక్కకు అందవు. 1824లో పారిస్ జేమ్స్ తన సొంత అన్న సాలమన్ కూతురు బెట్టీని పెళ్లాడాడు. అక్క కూతుర్ని చేసుకోవడం మనకు తెలుసు, అన్న కూతురంటే మన వరసలో కూతురే. లండన్ నాథన్ కొడుకు లయొనెల్, నేపుల్స్ కార్ల్ కూతురు షార్లెట్‌ను 1836లో చేసుకున్నాడు. అన్నదమ్ముల పిల్లలు, మన లెక్కన అన్నాచెల్లెళ్లు. ఆ పెళ్లికని ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లిన నాథన్ జబ్బుపడి అక్కడే చనిపోయాడు. తర్వాత 1842లో లయొనెల్ చెల్లెలు లూయిజ్‌ను షార్లెట్ తమ్ముడు మేయర్ కార్ల్‌కు ఇచ్చారు. అచ్చమైన కుండమార్పిడి.

ఈ కుండమార్పిడి పెళ్లిళ్లలో ఒకదానికి పుట్టినవాడు నాటీ, రెండోదానికి పుట్టిన పిల్ల ఎమ్మా. 1867లో వాళ్లిద్దరికీ పెళ్లి చేశారు. ఎమ్మా నాటీకి మేనమామ కూతురు, మేనత్త కూతురు కూడా. రెండు వైపుల మేనరికం. ఆ దంపతుల పెద్దకొడుకు వాల్టర్. అతని తాతముత్తాతల వంశవృక్షం గీస్తే కొమ్మలు విడిపోవు, మళ్లీ మళ్లీ ఒకే మొదలుకు వచ్చి కలుస్తాయి.

ఎమ్మా పుట్టింటి సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ వీలునామా ఎవరి మెడకు చుట్టుకుందో అక్కడ కనబడుతుంది. ఆమె తండ్రి మేయర్ కార్ల్ ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాంకు పెద్ద. ఆయనకు ఏడుగురు కూతుళ్లు, కొడుకుల్లేరు. ఆయన పోయాక నడిపిన తమ్ముడు విల్హెల్మ్ కార్ల్‌కూ కొడుకుల్లేరు. విల్హెల్మ్ కార్ల్ 1901లో చనిపోతే, అసలు వంశం మొదలైన ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాంకునే మూసేశారు. ఇంటినిండా ఆడపిల్లలున్నా 'వారసుడు లేడు' అన్నారు. నేపుల్స్ శాఖ అంతకుముందే 1863లో మూతపడింది.

పెద్దకొడుకైతే చాలదా?

వారసత్వం అంటే మన మనసులో ముందు పొలం, ఇల్లు, బంగారం మెదులుతాయి. పొలం వారసుడు పనిమంతుడు కాకపోయినా కౌలుకిచ్చి బతకొచ్చు. కుటుంబ బ్యాంకు అలాంటిది కాదు. అప్పట్లో రోత్‌చైల్డ్ బ్యాంకు లిమిటెడ్ కంపెనీ కాదు, భాగస్వామ్య సంస్థ. లండన్ బ్యాంకు 1970 దాకా అలాగే నడిచింది. లిమిటెడ్ కంపెనీ మునిగితే వాటాదారుకు పోయేది అతను పెట్టిన సొమ్ము. భాగస్వామ్యంలో బ్యాంకు మునిగితే భాగస్వాముల ఇల్లు, పొలం, గోడ మీది పెయింటింగులు అన్నీ అప్పులవాళ్లకు పోతాయి. ఒకడి సంతకం అందరినీ కట్టేస్తుంది.

ఇది కాగితం మీది భయం కాదు. 1890లో లండన్‌లో మరో పేరుమోసిన కుటుంబ బ్యాంకు, బేరింగ్స్, అర్జెంటీనాకు ఇచ్చిన అప్పుల్లో కూరుకుపోయింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మిగతా బ్యాంకుల్ని కూడగట్టి దాన్ని నిలబెట్టింది. ఆ పనిలో నాటీ కూడా ఉన్నాడు. బ్యాంకు బతికింది, భాగస్వాముల సొంత ఆస్తులు మాత్రం హరించుకుపోయాయి. తరతరాల ఇంట్లో ఒక తరం తొందరపాటు ఏం చేస్తుందో నాటీ దగ్గరగా చూశాడు. వాల్టర్ బ్యాంకులో చేరి అప్పటికి ఏడాదే అయింది.

కాబట్టి ఇక్కడ వారసుడంటే ఉద్యోగి. జీతం ఎక్కువే, రాజీనామా హక్కు మాత్రం లేదు. కూతురు వద్దు, అల్లుడు వద్దు, సమర్థుడైన గుమాస్తా వద్దు. ఉన్న ఇద్దరు ముగ్గురు మగపిల్లల్లోనే లెక్కలు తెలిసినవాడు, నోరు జాగ్రత్తగా వాడేవాడు, మనిషిని చూసి అంచనా కట్టేవాడు దొరకాలి. పుట్టేది ఎవరో ఎవరి చేతిలోనూ లేదు.

ట్రింగ్‌లో జీబ్రాలు

వాల్టర్ చిన్నప్పుడు ఆరోగ్యం అంతంతమాత్రం. బడికి పంపకుండా ఇంట్లోనే చదివించారు. మాట సరిగా వచ్చేది కాదు. పెద్దయ్యాక కూడా గొంతు అదుపులో ఉండేది కాదంటారు. ఏడేళ్ల వయసులో తల్లిదండ్రుల ముందు నిలబడి, నేను జంతువుల మ్యూజియం పెడతానని చెప్పాడట. ఏ పిల్లాడైనా అలాంటిదేదో అంటాడు, పెద్దవాళ్లు నవ్వి ఊరుకుంటారు. వాల్టర్ మర్చిపోలేదు. కేంబ్రిడ్జ్‌లో చదవడానికి వెళ్తూ వెంట కివీ పక్షుల్ని తీసుకెళ్లాడు.

చదువయ్యాక 1889లో బ్యాంకులో కూర్చోబెట్టారు. అదే ఏడాది ఇరవై ఒకటో పుట్టినరోజు కానుకగా, లండన్‌కు వాయవ్యంగా ఉన్న ట్రింగ్‌లోని తమ ఎస్టేట్‌లో మ్యూజియానికి స్థలమూ డబ్బూ ఇచ్చారు. తండ్రి లెక్క సులభంగానే ఊహించవచ్చు. కుర్రాడికి ఒక సరదా ఉంది, అది తీరుస్తూ ఉంటే పగలంతా బ్యాంకులో బుద్ధిగా కూర్చుంటాడు. 1892లో మ్యూజియం జనానికి తెరిచారు. తండ్రి లెక్క తప్పింది. సరదా అనుకున్నది అసలు ఉద్యోగం అయింది, బ్యాంకు పగటి నిద్రగా మిగిలింది.

ఆరడుగుల మూడంగుళాల మనిషి, బరువు నూట ముప్పై కిలోలకు పైనే. ఆయన ఎస్టేట్ పార్కులో క్యాసోవరీలనే ఎగరలేని పెద్ద పక్షులు, కంగారూలు, రాక్షసి తాబేళ్లు తిరిగేవి. జీబ్రాలను బండికి కట్టవచ్చని చూపించడానికి మూడు జీబ్రాలను, ఒక పోనీ గుర్రాన్ని పూన్చి లండన్ వీధుల గుండా బకింగ్‌హామ్ ప్యాలెస్ దాకా తోలుకుపోయాడు. పేపర్లకు ఇవే కావాలి. ఇప్పటికీ ఆయన పేరు చెప్తే ఈ జీబ్రాల బండే వస్తుంది. పిచ్చి పట్టిన ధనవంతుడు అన్న ముద్ర అలా పడిపోయింది.

ఆ ముద్రతో నాకు పేచీ ఉంది. మ్యూజియంలో చేరిన సరుకు చూడండి: సుమారు మూడు లక్షల పక్షి చర్మాలు ఈకలతో సహా, రెండు లక్షల గుడ్లు, ఇరవై రెండున్నర లక్షల సీతాకోకచిలుకలు, చిమ్మటలు. ఒక మనిషి సొంతంగా పోగుచేసిన వాటిలో ఇంతకంటే పెద్దది లేదంటారు. ఒకే రకం పక్షివి వందల చర్మాలెందుకు? ఇక్కడే ధనవంతుడి దురాశకూ శాస్త్రవేత్త పద్ధతికీ తేడా తెలుస్తుంది. ఒక దీవిలోని పక్షికీ పక్క దీవిలోని అదే పక్షికీ రెక్క పొడవులో, రంగులో చిన్న తేడా ఉంటుంది. ఒక్కో నమూనా చూస్తే అది యాదృచ్ఛికం అనిపిస్తుంది. వందల నమూనాలు వరసగా పేర్చి చూస్తేనే చోటుతో పాటు జీవి మారుతున్న క్రమం కనబడుతుంది. వాల్టర్ తెలివైన పని ఏమిటంటే, తనకంటే పనిమంతుల్ని పెట్టుకోవడం. పక్షులకు ఎర్న్‌స్ట్ హార్టర్ట్, కీటకాలకు కార్ల్ జోర్డాన్, ఇద్దరూ జర్మన్లు. ముగ్గురూ కలిసి 1894లో సొంత శాస్త్రీయ పత్రిక మొదలుపెట్టారు. ట్రింగ్ నుంచి లోకానికి పరిచయమైన కొత్త జీవుల లెక్క వేలల్లో ఉంది.

వాటిలో ఒకదాని కథ చెప్పకుండా ఉండలేను. 1862లో డార్విన్ ముందుకు మడగాస్కర్ ఆర్కిడ్ పువ్వు ఒకటి వచ్చింది. దాని మకరందం దాదాపు ముప్పై సెంటీమీటర్ల పొడవైన గొట్టం అడుగున ఉంది. అంత పొడవు నాలుక ఉన్న చిమ్మట మడగాస్కర్‌లో ఎక్కడో ఉండి తీరాలి, లేకపోతే ఈ పువ్వు బతకదని డార్విన్ అన్నాడు. కీటకాలు తెలిసినవాళ్లు కొందరు నవ్వారు. డార్విన్ 1882లో పోయాడు. 1903లో వాల్టర్, జోర్డాన్ కలిసి ఆ చిమ్మటకు శాస్త్రీయంగా పేరు పెట్టారు: 'ప్రెడిక్టా', అంటే ముందుగా చెప్పబడినది.

మరోవైపు ఇదంతా తుపాకీ శాస్త్రం కూడా. ప్రపంచంలో అతి పెద్ద సీతాకోకచిలుక, రెక్కలు విప్పితే పాతిక సెంటీమీటర్లు ఉండేది, న్యూగినీలో ఉంది. వాల్టర్ పంపిన ఆల్బర్ట్ మీక్ 1906లో దాని మొదటి నమూనాను తుపాకీతో కాల్చి పట్టుకున్నాడు. వాల్టర్ దానికి రాణి అలెగ్జాండ్రా పేరు పెట్టాడు. గుండు తగిలి చిరిగిన ఆ రెక్కల్ని లండన్‌లో ఇప్పటికీ దాచి ఉంచారు. సీతాకోకచిలుకను తుపాకీతో కాల్చడం అనే మాట దగ్గర ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు.

1908

వందలమంది సేకర్తలు, ఓడ ఖర్చులు, జీతాలు, పుస్తకాల అచ్చు. తండ్రి ఇచ్చే సొమ్ము చాలలేదు. ఇక్కడి నుంచి కథ బ్యాంకు వారసుల ఇళ్లలోనే కాదు, ఏ ఇంట్లో అయినా జరిగేదే. వాల్టర్ రహస్యంగా అప్పులు చేశాడు, మార్కెట్‌లో డబ్బు పెట్టి పోగొట్టుకున్నాడు, తండ్రి ప్రాణం మీద ఇన్సూరెన్స్ తీసుకుని దాన్ని చూపించి డబ్బు తెచ్చాడు. ఈ సంగతులు చాలాకాలం తర్వాత అతని తమ్ముడి కూతురు మిరియం రాసిన జీవిత చరిత్ర ద్వారా బయటికి వచ్చాయి. వచ్చిన ఉత్తరాల్లో అప్పులవాళ్లవి ఏవో, ఇంకెవరివో తెలియదు కాబట్టి అతను అసలు విప్పేవాడే కాదు. వెదురు బుట్టలో పడేసేవాడు. నిండితే ఇంకో బుట్ట. ఆ బుట్టలు ఇంట్లోవాళ్ల కంటబడ్డాకే లోపలి వ్యవహారమంతా తెలిసింది.

ఉత్తరం విప్పకపోతే అప్పు ఉండదన్న నమ్మకం ఎంతమందికి లేదు! మామూలు ఇంట్లో అయితే తిట్టి, అప్పు తీర్చి, మళ్లీ చేయకురా అంటారు. ఇక్కడ కుటుంబం అప్పులు తీర్చింది, కానీ 1908లో వాల్టర్ బ్యాంకు నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. నాటీని కఠినుడని తిట్టడం సులభం. బేరింగ్స్ పతనం చూసిన మనిషి, తన సొంత కొడుకు మూడో కంటికి తెలియకుండా అప్పులు చేశాడని తెలిశాక అతని సంతకాన్ని బ్యాంకు కాగితాల మీద ఎలా ఉండనిస్తాడు? ఒకడు చేసిన అప్పుకు దాయాదులంతా పూచీ పడే చోట అది కుదరదు.

1915లో నాటీ చనిపోయాడు. బ్యాంకు వాటా, ఆస్తిలో పెద్ద భాగం చిన్నకొడుకు చార్లెస్‌కు వెళ్లాయి. వాల్టర్ చేతికి వచ్చింది 'లార్డ్ రోత్‌చైల్డ్' అన్న బిరుదు. అది తండ్రి ఇచ్చింది కాదు. 1885లో రాణి ఆ బిరుదు ఇచ్చినప్పుడే అది పెద్దకొడుక్కి వెళ్లాలని రాసి ఉంది, వీలునామాతో మార్చడానికి వీల్లేదు. డబ్బు తండ్రి చేతిలో ఉంది, పేరు చట్టం చేతిలో ఉంది. ఈ రెండూ రెండు దారుల్లో వెళ్లాయి. వాల్టర్ పెళ్లి చేసుకోలేదు. తల్లి 1935లో పోయేదాకా ట్రింగ్‌లో ఆమె ఇంట్లోనే ఉన్నాడు.

తమ్ముడి సంగతి

చార్లెస్ గురించి ఎవరూ అంతగా చెప్పుకోరు. నాకైతే ఈ కథలో అన్నిటికంటే బరువైన పాత్ర అతనిదే. అన్నలాగే అతనికీ ప్రాణం కీటకాల మీదే. తేడా ఏమిటంటే అతను రోజూ బుద్ధిగా బ్యాంకుకు వెళ్లాడు. సెలవుల్లో, సాయంత్రాల్లో తనకిష్టమైన పని చేసుకున్నాడు. ఆ ఇష్టమైన పని ఫ్లీలు: జంతువుల ఒంటి మీద బతుకుతూ రక్తం తాగే, రెక్కల్లేని, దూకే పురుగులు.

1901లో సూడాన్‌లోని షెండీ దగ్గర అతను ఒక రకం ఎలుక ఫ్లీని సేకరించాడు. 1903లో దాన్ని వర్ణించి, పిరమిడ్ కట్టించిన చియాప్స్ రాజు పేరు మీద 'చియాపిస్' అని పేరు పెట్టాడు. ఇక్కడ ఈ కథ మన దేశానికి తగులుతుంది. 1896లో బొంబాయిలో దిగిన ప్లేగు ఏళ్ల తరబడి లక్షల ప్రాణాలు తీస్తోంది. 1898లో కరాచీలో పాల్ లూయి సిమోండ్ అనే ఫ్రెంచ్ డాక్టర్, ఎలుక నుంచి ఎలుకకు ప్లేగు మోసేది ఫ్లీ అని ప్రయోగం చేసి చూపిస్తే ఎవరూ సరిగా నమ్మలేదు. 1905 తర్వాత బొంబాయిలో ప్లేగు కమిషన్ చేసిన ప్రయోగాలతో అది రుజువైంది. ఆ మోసే పురుగు, చార్లెస్ పేరు పెట్టిన ఫ్లీనే. లండన్‌లో బాండ్లు లెక్కపెట్టే మనిషి సెలవుల్లో వర్ణించిన పురుగు, మన ఊళ్లు ఖాళీ చేయించిన రోగానికి వాహనం.

1912లో అతను ప్రకృతిని ఉన్నచోటే కాపాడాలని ఒక సంఘం పెట్టాడు. బ్రిటన్‌లో నేటి వైల్డ్‌లైఫ్ ట్రస్టులు దాని సంతానమే. అప్పట్లో పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు. అన్న వదిలేసిన బరువు కూడా తన మీద పడింది. తర్వాత మెదడువాపు జబ్బు, దాని వెంట వదలని కుంగుబాటు. 1923లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. వయసు నలభై ఆరు. బ్యాంకు తోసేసిన అన్న అతని తర్వాత పద్నాలుగేళ్లు బతికాడు.

ఒక ఉత్తరం, విప్పి చదివినది

వాల్టర్ బుట్టలో పడకుండా విప్పిన ఉత్తరాల్లో ఒకటి ప్రపంచ చరిత్ర. 1917 నవంబర్ 2న బ్రిటిష్ విదేశాంగ మంత్రి బాల్ఫోర్ సంతకంతో వచ్చింది. పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పడటాన్ని బ్రిటిష్ ప్రభుత్వం సమర్థిస్తుందని, అక్కడ ఉన్న యూదేతరుల పౌర, మత హక్కులకు భంగం కలగకూడదని ఒకే వాక్యంలో ఉంది. అసలు ప్రకటన ఇంగ్లిష్‌లో 67 మాటలు. దాని వల్ల మొదలైన గొడవ ఇప్పటికీ తెగలేదు.

ఉత్తరం వాల్టర్‌కే ఎందుకు? యూదులకు పాలస్తీనాలో సొంత చోటు కావాలన్న జియోనిస్టు ఉద్యమం తరఫున మాట్లాడేది, తిరిగేది, ఒప్పించేది హైమ్ వైజ్‌మన్. వాల్టర్ ఆ ఏడాది జులైలో ఒక ముసాయిదా పంపినవాడే, ఆ పని మీద నమ్మకం ఉన్నవాడే. కానీ ప్రభుత్వానికి కావాల్సింది ఆ ఇంటిపేరు, ఆ బిరుదు. బ్యాంకులో చెల్లని సంతకం ఇక్కడ చెల్లింది. ఇంటిపేరు ఒకటే అయినా ఇంట్లో అందరిదీ ఒకే మాట కాదు. బ్యాంకు నడిపిస్తున్న పినతండ్రి కొడుకు లయొనెల్, ఆ ప్రకటనను వ్యతిరేకించిన బ్రిటిష్ యూదుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. లోకాన్ని ఒక్క మాట మీద నడిపే కుటుంబమన్న ఫార్వర్డ్ గుర్తుందా? ఇదీ వాళ్ల ఒక్క మాట.

మంత్రివర్గంలో దీన్ని గట్టిగా ఎదిరించిన యూదుడు ఎడ్విన్ మాంటేగు. గ్రూప్స్ పరీక్షలకు చదివినవాళ్లకు ఈ పేరు వెంటనే తగులుతుంది: మాంటేగు–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల మాంటేగే. అప్పుడు భారత వ్యవహారాల మంత్రి. అతనూ ఒక బ్యాంకు వ్యవస్థాపకుడి కొడుకే, తండ్రి బ్యాంకు వదిలి రాజకీయాలు పట్టినవాడే. తాను ఇంగ్లిష్‌వాడిననీ, తనకు వేరే దేశం చూపించవద్దనీ అతని వాదన. చివరి నిర్ణయం జరిగే రోజులకు అతను ఇండియా ప్రయాణంలో ఉన్నాడు.

పక్షులు అమ్ముకున్న రోజు

1931–32లో పక్షి శాస్త్రవేత్తలకు పిడుగులాంటి వార్త. వాల్టర్ తన పక్షుల్ని న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీకి అమ్మేస్తున్నాడు. సుమారు 2,80,000 చర్మాలు, ధర 2,25,000 డాలర్లు. లెక్కేస్తే ఒక్కో పక్షి ఎనభై సెంట్లు. డబ్బు విట్నీ కుటుంబం ఇచ్చింది. ప్రాణం పెట్టి పోగుచేసిన మనిషి ఎందుకు అమ్మాడో అప్పుడు ఎవరికీ అంతుపట్టలేదు. పన్నులని కొందరు, మాంద్యమని కొందరు అనుకున్నారు. అసలు కారణం అతను పోయాక దాదాపు యాభై ఏళ్లకు మిరియం రాసింది: ఒకప్పుడు సంబంధం ఉన్న ఒక గొప్పింటి స్త్రీ ఏళ్ల తరబడి అతన్ని బ్లాక్‌మెయిల్ చేసింది. తల్లికి తెలుస్తుందన్న భయంతో అడిగినంతా ఇస్తూ పోయాడు. మిరియం ఆ స్త్రీ పేరు రాయలేదు.

అరవై దాటిన మనిషి తొంభైకి దగ్గరపడ్డ తల్లికి భయపడి తన పక్షులు అమ్ముకున్నాడు. ఇదే ఇంటి బ్యాంకు ఒకప్పుడు, 1875లో, సూయజ్ కాలువ వాటాలు కొనడానికి బ్రిటిష్ ప్రభుత్వానికి నలభై లక్షల పౌండ్లు అప్పటికప్పుడు సర్దింది. ఆ సొమ్ము సర్దినవాడు వాల్టర్ తాత, షార్లెట్ భర్త లయొనెల్.

పక్షులు మాత్రం మంచి చేతుల్లోనే పడ్డాయి. న్యూయార్క్‌లో వాటిని చూసుకున్నవాడు ఎర్న్‌స్ట్ మేయర్, అంతకుముందు ట్రింగ్ తరఫున న్యూగినీ వెళ్లి పక్షులు సేకరించిన కుర్రాడు. కొత్త జాతులు ఎలా పుడతాయన్నది ఇరవయ్యో శతాబ్దంలో అందరికంటే బాగా వివరించినవాళ్లలో అతనొకడు. ఒకే రకం పక్షివి అన్ని చర్మాలెందుకని నవ్వినవాళ్లకు జవాబు అతని చేతుల మీదుగా వచ్చింది.

1937 ఆగస్టు 27న వాల్టర్ చనిపోయాడు. మిగిలిన మ్యూజియమంతా దేశానికి రాసిచ్చాడు. బిరుదు చార్లెస్ కొడుకు విక్టర్‌కు వచ్చింది. విక్టర్ కొన్ని నెలలు బ్యాంకులో కూర్చుని, నచ్చక, కేంబ్రిడ్జ్‌కు వెళ్లి జంతుశాస్త్రవేత్త అయ్యాడు. మిరియం బడి మొహం చూడకుండానే ఫ్లీల మీద ప్రపంచం మెచ్చిన నిపుణురాలైంది, తండ్రి సేకరణ మొత్తానికీ జాబితా తయారు చేసింది. విక్టర్ కొడుకు జేకబ్ మళ్లీ బ్యాంకులో చేరాడు, సమర్థుడు కూడా. కానీ ఓట్ల బలమున్న వాటాలు అప్పటికే దాయాదుల వైపు, ఎవెలిన్ అనే అతని చేతిలో ఉన్నాయి. ఇద్దరికీ పొసగక 1980లో జేకబ్ బయటికి వచ్చేశాడు. పెద్దకొడుకు శాఖ బిరుదుతో, చిన్నవాళ్ల శాఖ బ్యాంకుతో అలా స్థిరపడ్డాయి.

ట్రింగ్ మ్యూజియం ఇప్పుడు నేచురల్ హిస్టరీ మ్యూజియంలో భాగం, ఎవరైనా వెళ్లి చూడొచ్చు. 1970ల మొదట్లో లండన్ నుంచి జాతీయ పక్షుల సేకరణను తెచ్చి ఇక్కడే పెట్టారు, వాల్టర్ పక్షులు న్యూయార్క్‌లో ఉండగా. అద్దాల పెట్టెల్లో జీబ్రాలతో పాటు, మెక్సికోలో బట్టలు తొడిగిన రెండు ఫ్లీలు కూడా ఉన్నాయి, భూతద్దం పెడితే కనబడతాయి. ప్రాణంతో ఉన్నది మాత్రం ఒకటే మిగిలింది. యూరప్ నుంచి తెప్పించిన డార్మౌస్‌లు, గుబురు తోక ఉన్న ఉడతల్లాంటి ఎలుకలు, 1902లో పార్కు నుంచి తప్పించుకున్నాయి. వాటి సంతతి ఇప్పుడు ట్రింగ్ చుట్టుపక్కల వేలల్లో ఉంది. చలికాలం ముందు ఇళ్ల అటకల మీద చేరి కరెంటు తీగలు కొరుకుతాయి. వాటిని బోను పెట్టి పట్టాలంటే లైసెన్సు ఉండాలి.